మామ జీపుకు పదహారు పిన్నుల మిషను

ఆ రోజుల్లో మనిషి ఒక వస్తువు కొనాలంటే పదిమందిని అడిగేవాడు. పదిమందీ పది రకాలుగా చెప్పేవాళ్లు. అందరికీ తలూపి, చివరికి దారిలో తగిలిన పదకొండోవాడు చెప్పినదాన్ని కొనుక్కుని ఇంటికి పోయేవాడు. వేలితో రెండు సార్లు తడితే లోకంలోని వస్తువులన్నీ వరసకట్టి నిలబడే ఫోన్లు ఇంకా మా వైపు రాలేదు. నేను మాత్రం అప్పటికే ఒక పద్ధతి కనిపెట్టానని నమ్మేవాణ్ణి. దాని పేరు పట్టిక. తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గీతలు గీసి, ఎడమవైపు వస్తువుల పేర్లు, పైన వాటి గుణాలు రాసి, ఒక్కో గుణానికి పదికి ఇన్ని అని మార్కులు వేసి, చివర కూడేవాణ్ణి. ఎక్కువ వచ్చినది మంచిది. ఇందులో వాదనకు చోటెక్కడుంది? మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సుల్లో ఏది ఎక్కాలి, ఏ మంగలి అంగట్లో క్రాపు చేయించుకోవాలి, ఏ హోటల్లో దోసె తినాలి, అన్నిటికీ నా దగ్గర పట్టికలుండేవి. (పెండ్లిచూపుల రోజుల్లో సంబంధాలకు కూడా గీశానేమోనని మా ఆవిడకు ఇప్పటికీ అనుమానం. గీశాను. ఆమె రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానంలో వచ్చినవాళ్లు నన్ను వద్దన్నారు. ఈ సంగతి మీకూ నాకూ మధ్యనే ఉండాలి.)

రెండువేల నాలుగో, అయిదో సంవత్సరం. నాకు ఇరవై ఆరేండ్లు. మదనపల్లెలో బండ్ల స్పేరుపార్టులమ్మే ఒక అంగట్లో స్టాకు చూసే పని. చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం పాత పుస్తకాలు తెచ్చుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అట్లా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది, నాకు రెండుండేవి. ఒకటి, ఏది కనబడినా లెక్కపెట్టడం. రెండోది, లెక్కపెట్టినదాన్ని ఊరికే వదలక కూడెయ్యడం. బస్సు టికెట్టు మీది అంకెలు కూడేవాణ్ణి. టమోటా మండీకి పోయే లారీలు అంగడి ముందు ఆగితే వాటి నంబర్లు కూడేవాణ్ణి. ఎందుకు కూడుతున్నానో నాకు తెలియదు. కూడితే మనసు కుదుటపడేది. ఇది చూసి మా అంగడి సావుకారు నాకు ఎక్కాలప్ప అని పేరు పెట్టాడు. పిలిచే ప్రతివాడూ చిన్నగా నవ్వి పిలిచేవాడు. అది గౌరవమనే నేను చాలా ఏండ్లు అనుకున్నాను.

పుంగనూరులో మా మేనమామ ఉండేవాడు. ఊరికి అవతల గుట్ట మీద ఆయనకు మామిడితోట. గుట్ట కింద పొలాలున్న వాళ్లు చాలామంది ఉన్నారు గానీ గుట్ట ఎక్కి చెట్లు పెట్టినవాడు ఆ ఊళ్లో మా మామ ఒక్కడే. కుండలతో నీళ్లు మోసి పెంచాడు. యాభై అయిదు దాటాక మోకాళ్లు అరిగిపోయాయి. గుట్ట ఎక్కితే ఇక మంచం ఎక్కడమేనని డాక్టరు చెప్పాడు. అప్పుడే కుప్పం దగ్గర ఒక గ్రానైటు క్వారీ వాళ్లు పని ఎత్తేసి సామాను అమ్ముతుంటే, మామ పోయి నాలుగు చక్రాలూ లాగే ఒక పాత పెట్రోలు జీపు తెచ్చుకున్నాడు. విదేశంలో తయారైనది, అప్పటికే పది పన్నెండేండ్లది. పొట్టిగా, గట్టిగా, రాళ్లలో అడుగు చూసుకుని పెట్టేట్టు ఉండేది. "పుంగనూరు ఆవు మాదిరే ఉండాది సూడు అల్లుడా. పొట్టిది, యాడికైనా ఎక్కతాది," అని మామ దాని ముక్కు మీద తట్టేవాడు. రెండేండ్లు ఎక్కింది. మోకాళ్లు చేయలేని పని అది చేసింది.

మూడో ఏడు మామిడి పూతకొచ్చే కాలానికి దానికి రోగం వచ్చింది. స్టీరింగు వెనకాల ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ దీపం ఒకటి వెలిగి, ఇక ఆరలేదు. చదును మీద బాగానే పోయేది. ఎత్తు వచ్చి యాక్సిలరేటరు తొక్కితే ముందు ఆలోచించేది, తర్వాత దగ్గేది, ఆ తర్వాత ఆగిపోయేది. గుట్ట దారిలో రెండో మలుపు దాటడం దాని వల్ల కాలేదు. పుంగనూరు మెకానిక్కులు ప్లగ్గులు మార్చారు, ఫిల్టర్లు మార్చారు, కార్బొరేటరు కోసం వెతికి అది లేదని తెలుసుకుని భయపడ్డారు. "దీంట్లో కంప్యూటరు ఉండాదప్పా. మా చేతికి అందే పని కాదిది," అని చేతులు తుడుచుకున్నారు.

ఈలోగా కలికిరి నుంచి ఒక మామిడి వ్యాపారి వచ్చాడు. తోటను అయిదేండ్లకు లీజుకు ఇమ్మన్నాడు. అమావాస్య లోపల మాట చెప్పమన్నాడు. నేను ఆ ఆదివారం పుంగనూరు పోయేటప్పటికి మామ వసారాలో కుర్చీ వేసుకుని గుట్ట వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి గుట్ట కనబడుతుంది గానీ చెట్లు కనబడవు.

"ఇచ్చేస్తే ఏమైతాది?" అంది అత్త, వాకిట్లో బియ్యం చెరుగుతూ. "మోకాళ్లు లేనోడికి గుట్ట యాల? లీజుకిచ్చి ఇంట్లో కూసోని నాకు కూరగాయలు తరగొచ్చు కదా."

"అయిదేండ్లు," అన్నాడు మామ నాతో. "అయిదేండ్లు నేను పెట్టిన చెట్లు యాడనో ఉండాయని ఈడ కూసోని అనుకోవల్ల. తిరిగిచ్చేటప్పటికి నాకు అరవై మూడు. అప్పుడు జీపు ఎక్కేదానికి కూడా ఎవురన్నా ఎత్తాల. అల్లుడా, ఈ బండికి ఏమైందో కనుక్కో. నువ్వు లెక్కలోడివి."

అమావాస్యకు ఇరవై మూడు రోజులుంది. (బస్సులో తిరిగి వస్తూ రెండుసార్లు లెక్కపెట్టాను.)

ఆ వారంలోనే మా అంగడికి బెంగళూరు నుంచి వచ్చే సేల్స్‌మన్ వచ్చాడు. టమోటా లారీల దుమ్ములో కూడా టై కట్టుకుని తిరిగే మనిషి. మామ జీపు సంగతి చెబితే నవ్వి, సంచీలోంచి ఒక కేటలాగు తీశాడు. "ఇది చాలా సింపులు సార్. బండిలో ఉండే కంప్యూటరు తన జబ్బును ఒక నంబరుగా దాచి పెట్టుకుంటుంది. ఈ కోడు రీడరు తగిలిస్తే ఆ నంబరు చూపిస్తుంది. నంబరు తెలిస్తే జబ్బు తెలిసినట్టే."

జబ్బుకు నంబరు! ఆ మాట విన్నాక నేను మనిషిని కాను. ఇన్నాళ్లూ ఇనుమూ ఆయిలూ అనుకున్న బండి లోపల కూర్చుని ఎవరో నాలాంటివాడు లెక్కలు రాసుకుంటున్నాడన్న మాట! కేటలాగులో మూడు రకాల రీడర్లున్నాయి. ఒకటి సూటుకేసంత, ఒకటి ఇటుకంత, ఒకటి అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ఆ రాత్రికి ఆగలేక మధ్యాహ్నమే పట్టిక గీశాను. పదకొండు గుణాలు. ఎన్ని కోడులు తెలుసు, తీగ పొడవెంత, తెర మీద ఎన్ని అక్షరాలు పడతాయి, చూపించిన కోడును చెరపగలదా, కింద పడితే పగులుతుందా, గ్యారంటీ ఎన్ని నెలలు, ఇట్లా. బరువు అని కూడా ఒక గుణం పెట్టాను.

మా సావుకారు కళ్లజోడు ముక్కు కొనకు జార్చి చదివాడు. "బరువు యాలప్పా ఎక్కాలప్పా? దాన్నేమన్నా నెత్తిన పెట్టుకోని సంతకు పోతావా?"

"పద్ధతి అంటే అన్నీ ఉండాల కదన్నా."

"అన్నీ ఉండాయిలే. రంగు ఒగటి మరిసిపోయినావు."

ఆయన వేళాకోళమాడాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు రంగుకు పన్నెండో గడి గీశాను. మొత్తం నూట ఇరవై మార్కులకు సూటుకేసుకు ఎనభై ఎనిమిది, ఇటుకకు తొంభై రెండు, చిన్నదానికి డెబ్బై తొమ్మిది వచ్చాయి. ఇటుక నెగ్గింది. పుంగనూరుకు ఫోను చేసి, మూడువేల కోడులు తెలిసిన రీడరును ఎంపిక చేశానని మామకు చెప్పాను.

"మూడువేలా? బండికి ఉండేది ఒగటే రోగం కదరా?"

వెనకాల అత్త గొంతు వినబడింది. "తెమ్మను, తెమ్మను. బండిది అయినాక ఆ తీగ మీ మామకు కూడా తగిలించి సూస్తాం. కడమ రోగాలన్నీ ఈడ ఉండాయి."

సేల్స్‌మన్ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. పాత బండ్లలో సాకెట్టు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుందట. ఈ రీడరుకు పదహారు పిన్నుల సాకెట్టు కావాలట. "సీలు తెంచితే వాపసు తీసుకోరు సార్. ముందే బండిలో చూసుకోండి. పదహారు." నాలాంటివాడికి ఆ పని చెప్పడమంటే పండగకు పిలవడమే. ఆ తర్వాతి ఆదివారం టార్చిలైటు తీసుకుని పుంగనూరు పోయాను.

జీపులో వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, డాష్‌బోర్డు కింద తల దూర్చాను. పది నిమిషాలు వెతికాక మధ్యలో ఒక ఖాళీ గూడు, దాని వెనకాల తీగలకు వేలాడుతూ రెండు ప్లగ్గులు దొరికాయి. ఒకటి నల్లనిది, ఒకటి గోధుమరంగుది. నల్లదాంట్లో పిన్నులు లెక్కపెట్టాను. ఎనిమిది. గోధుమరంగుదాంట్లో లెక్కపెట్టాను. ఎనిమిది. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, మళ్లీ ఒకసారి కళ్లు మూసుకుని గోటితో తడుముతూ లెక్కపెట్టాను. ఎన్నిసార్లు కూడినా ఎనిమిదీ ఎనిమిదీ పదహారే.

కాఫీ గ్లాసుతో అత్త వచ్చింది. బయటికి కనబడేవి నా కాళ్లే కాబట్టి వాటితోనే మాట్లాడింది. "ఏం ఎతుకుతాండావప్పా ఆడ?"

"సాకెట్టు దొరికింది అత్తా. పిన్నులు లెక్కపెడతాండా."

"ఆ గూడు కాడనా? దాని సంగతి నన్నడిగితే..."

"ఉండత్తా, లెక్క తప్పిపోతాది," అన్నాను, టార్చి పక్కకు తీసి. అత్త గ్లాసు బానెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. నేను కాగితం మీద 8 + 8 = 16 అని రాసి, చుట్టూ సున్న చుట్టి, పక్కన సరి అని పెట్టాను.

రీడరు పార్సిలు వచ్చేటప్పటికి అమావాస్యకు తొమ్మిది రోజులు మిగిలాయి. శుక్రవారం మంచిదని అత్తే చెప్పింది. నేను అంగడికి సెలవు పెట్టి పోయాను. కొత్త మిషను ఇంటికొస్తే పూజ చేయకుండా వాడరు కదా. అత్త రీడరుకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. జీపు ముందు టెంకాయ కొట్టింది. చుట్టుపక్కల ఇండ్ల నుంచి పదకొండు మంది వచ్చారు. చేతులు అరిగేదాకా జీపు విప్పిన మెకానిక్కు కూడా వచ్చి, నా చేతిలో ఉన్నదాన్ని దూరం నుంచే దండం పెట్టే చూపు చూశాడు. నేను సీలు తెంచాను. అది చిన్న శబ్దమే గానీ నాకు ఇప్పటికీ వినబడుతుంది.

రీడరు తీగ చివర ఉన్న ప్లగ్గు వెడల్పుగా, ఒకవైపు పెద్దగా ఒకవైపు చిన్నగా, గంపను పక్క నుంచి చూసినట్టు ఉంది. పదహారు పిన్నులూ ఒక్కచోటే ఉన్నాయి. జీపులో ఉన్నవి రెండు చతురస్రాలు, విడివిడిగా. నేను కొంతసేపు ఆ రెండు ప్లగ్గులనూ పక్కపక్కన పెట్టి పట్టుకున్నాను, అవి కలిసి ఒకటవుతాయేమోనని. కాలేదు. రీడరును తలకిందులు చేశాను. ఒకదానికి తర్వాత ఒకటి తగిలించవచ్చునేమో అనుకున్నాను. నా వీపు వెనకాల పదకొండు మంది ఊపిరి నాకు వినబడుతోంది.

"ఏమప్పా, మూడువేల రోగాల్లో ఒగటి కూడా దొరకలేదా?" అన్నారు ఎవరో.

"సాకెట్టు కొంచెం బిగుసుగా ఉండాది," అన్నాను లోపలి నుంచి.

అత్త వంగి కిటికీలోంచి చూసింది. నేను దేన్ని దేనిలోకి తోస్తున్నానో అప్పుడు చూసినట్టుంది. "ఒరే అప్పా," అంది నెమ్మదిగా, "ఆ తీగలు పాటల పెట్టెవి కదరా. ఈ మనిషి తోటలో కూసోని పొద్దంతా పాటలు పెట్టుకుని దిగొచ్చేది మరిసిపోతాండాడని నేనే దాన్ని పెరికి పెట్టిస్తిని. వంటింట్లో అలమర మింద ఉండాది. కావాలంటే పోయి సూడు. ఆ పొద్దు చెప్పబోతే లెక్క తప్పిపోతాదంటివి."

పోయి చూశాను. అలమర మీద, పప్పు డబ్బాల పక్కన, జీపు రేడియో పసుపు బొట్టుతో ఉంది. (ఆ ఇంట్లో కరెంటుతో సంబంధం ఉన్న ప్రతిదానికీ బొట్టు ఉంటుంది.) వెనకాల రెండు ఖాళీ గూళ్లు. ఒక్కోదాంట్లో ఎనిమిది పిన్నులు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

నేను బయటికి వచ్చేటప్పటికి జనం పోయారు. నవ్వుతూ పోయారు గానీ టెంకాయ చిప్పలు మాత్రం పట్టుకుని పోయారు. మామ నవ్వలేదు. నన్ను తిట్టలేదు. "పోనీలేరా. నువ్వు మాత్రం ఏం చేస్తావు. మంగళవారం ఆ కలికిరాయన వస్తాడు. సరేననేస్తా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. పట్టిక జేబులో ముల్లులా గుచ్చుకుంది. పన్నెండు గుణాల్లో 'ఈ బండికి సరిపోతుందా' అన్న గుణం ఒక్కటీ లేదు. రంగు ఉంది.

అత్త లోపలికి పిలిచింది. అన్నం పెట్టింది. మామ సగం తిని చెయ్యి కడిగాడు. అది చూసి చెంబు కింద పెట్టి అంది. "ఆ బండిని పదేండ్లు తోలినోడు కుప్పంలో బతికే ఉండాడు. బండి ఇచ్చేనాడు తాళాలు మీ చేతిలో పెట్టి కండ్లు తుడుచుకున్నాడు, సూడలేదా? ఆయన్ని అడిగితే పోలా? మూడు వారాలుగా సూస్తాండా, బెంగళూరును అడుగుతారు, పుస్తకాన్ని అడుగుతారు, మడిసిని అడగరు."

"లీజుకిచ్చెయ్యమంటివి కదే?" అన్నాడు మామ.

"అంటిని. సగం అన్నంలో లేస్తావని అనుకోలేదు."

మరుసటి రోజు తెల్లవారి ముగ్గురమూ ఆ జీపులోనే బయల్దేరాం. మామను ఒంటరిగా నాతో పంపే ధైర్యం అత్తకు లేదు. పలమనేరు, వి.కోట మీదుగా పోయాం. చదును మీద బండి పెళ్లికొడుకులా పోయింది. ఎత్తు వచ్చినప్పుడల్లా దగ్గింది. ఒకచోట మమ్మల్ని దాటిపోయిన ఎద్దులబండివాడు వెనక్కి తిరిగి, "తోయమంటారా అప్పా?" అని అడిగాడు. అత్త నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుప్పం చేరేలోగా పద్నాలుగు సార్లు దగ్గింది. ఆ పద్నాలుగును దేనితోనూ కూడలేదు. అంత దిగులుగా ఉన్నాను.

మీసాల డ్రైవరంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆయన తెల్లమీసాలు చెవుల దాకా ఉన్నాయి. ఇంటి ముందు బండి ఆగే చప్పుడుకే లోపలి నుంచి వచ్చాడు. మమ్మల్ని పలకరించక ముందు జీపు చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, అద్దం మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. ఆ తర్వాత మమ్మల్ని కూర్చోమన్నాడు. కుప్పం మాట కదా, తెలుగులో తమిళం, కన్నడం కలిసి వచ్చేవి. సంగతంతా విని నా చేతిలోని రీడరును తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పసుపూ కుంకుమా ఇంకా చెరగలేదు.

"బాగుండాది సామీ. ఏ గుడిది?"

అత్త ఇక కొంగు అడ్డం పెట్టుకోలేదు. బిగ్గరగా నవ్వింది. మూడు వారాల తర్వాత మామ కూడా నవ్వాడు.

"ఇది ఈ బండి పుట్టకముందు పుట్టాల్సింది. దీని కాలంలో మిషను లేదు సామీ. బండే చెప్తాది," అని డ్రైవరు బానెట్టు ఎత్తాడు. ఇంజనుకు పక్కన, నేను ఏ రోజూ చూడని చోట, అరచేయంత నల్లటి డబ్బా. మూత తెరిస్తే లోపల చిన్న చిన్న రంధ్రాలు. "ఒక తీగముక్క ఉంటే ఇయ్యండి."

నా దగ్గర మూడువేల కోడులున్నాయి గానీ తీగముక్క లేదు. అత్త గాజుల్లోంచి ఒక పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని సాపు చేసి, వంచి, రెండు రంధ్రాల్లో రెండు కొనలు దూర్చాడు. "ఇంజను స్టార్టు చెయ్యొద్దు. తాళం మాత్రం తిప్పి, దీపాన్ని సూసి లెక్కపెట్టండి. మీలో లెక్క ఎవురికి వస్తాది?"

మామా అత్తా ఇద్దరూ నన్ను చూశారు. అంత జరిగాక కూడా నన్నే చూశారు. నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను. పసుప్పచ్చ దీపం ఆరింది. మళ్లీ వెలిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కొంచెం ఆగింది. ఒకటి. చాలాసేపు ఆగింది. మళ్లీ మొదటి నుంచి. నాలుగు, ఆగి, ఒకటి. మూడుసార్లు చూశాను. ఒళ్లు పులకరించింది. నిజంగానే లోపల ఎవరో లెక్కపెడుతున్నారు. మిషను లేకుండా, తెర లేకుండా, కళ్లు ఆర్పుతూ నాతో నేరుగా మాట్లాడుతున్నారు. తల బయట పెట్టి గట్టిగా చెప్పాను. "అయిదు!"

డ్రైవరు కనుబొమలు ముడిచాడు. "అయిదా? అట్లాంటి నంబరే లేదే. వరసగా అయిదు ఆరిందా?"

"లేదు. ముందు నాలుగు, ఆగి ఒకటి. మొత్తం అయిదు."

ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. "మొత్తం ఎవురు అడిగినారు సామీ? అది నాలుగూ ఒగటి. నలభై ఒగటి. మొదటిది పదులు, రెండోది ఒకట్లు. కూడొద్దు. ఆగింది సూడు, ఆ ఆగేది యాలనుకున్నారు? కూడొద్దనే."

"వాడికి చిన్నప్పటి నుంచి అదే రోగం," అన్నాడు మామ. "యాడ రెండు కనబడినా కలిపేస్తాడు. పాటల పెట్టె తీగలు కలిపింది కూడా అందుకే."

నలభై ఒకటంటే మనం యాక్సిలరేటరు ఎంత తొక్కామో కంప్యూటరుకు చెప్పే చిన్న పరికరమట. క్వారీ రోజుల్లో దాని యజమాని దొరతో పాటు తిరిగి, ఆయన చేసేది చూసి డ్రైవరు ఆ నంబర్లన్నీ కంఠతా పట్టాడు. పరికరం బాగానే ఉంది. దానికి తగిలే ప్లగ్గు కొక్కెం విరిగి, వదులై, లోపల పచ్చగా చిలుము పట్టింది. చదును మీద కదలదు. ఎత్తులో బండి ఊగితే చెప్పే మాట మధ్యలో తెగిపోతుంది. ఆయన పాత పళ్లబ్రష్షును పెట్రోల్లో ముంచి చిలుము కడిగాడు, ఆరబెట్టాడు, తగిలించి పురికొసతో కట్టి టేపు చుట్టాడు. కంప్యూటరులో పాత నంబరు చెరిగిపోవడానికి ఒక ఫ్యూజు పెరికి, "ఇప్పుడు మీరు అరవై దాకా లెక్కపెట్టండి. ఇది కూడొచ్చు," అన్నాడు నాతో. అరవై లెక్కపెట్టాను. ఫ్యూజు పెట్టి స్టార్టు చేశాడు. దీపం వెలిగి, ఆరిపోయింది. ఆరిపోయే ఉంది.

ఏమివ్వమంటావని మామ అడిగితే, ఒక్క చుట్టు తోలనివ్వమన్నాడు. రైల్వేస్టేషను దాకా ఒక్కడే పోయి వచ్చాడు. పావుగంటలో రావాల్సినవాడు ముప్పావు గంటకు వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందని మేం అడగలేదు. మీసాలకు దుమ్ము పట్టి ఉంది, మనిషి కళకళలాడుతున్నాడు.

(ఆ రీడరు ఏమైందని అడుగుతారేమో. మా సావుకారు దాన్ని అంగట్లో పెట్టమన్నాడు. నాలుగైదేండ్లకు పదహారు పిన్నుల కొత్త కార్లు మా ఊళ్లో తిరగడం మొదలుపెట్టాక అంగళ్లు అనే ఊరి నుంచి కలకడ దాకా జనం దాని కోసం వచ్చేవాళ్లు. నా ఎంపిక సరైనదే. బండే తప్పు.)

మంగళవారం కలికిరి వ్యాపారి చెప్పిన ప్రకారం పొద్దున్నే వచ్చాడట. వసారాలో కుర్చీ ఖాళీగా ఉంది. "ఆయన గుట్ట మింద ఉండాడప్పా. ఈ పొద్దు దిగొచ్చేట్టు లేడు. అయిదేండ్ల దాకా కూడా అనుమానమే. మజ్జిగ తాగి పో," అందట అత్త.

ఆ సమయంలో నేను మామతో గుట్ట మీద ఉన్నాను. జీపు రెండో మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టై, మా ఇద్దరి ఊపిరీ ఆగి, తర్వాత ఏమీ జరగనట్టు ఎక్కేసింది. పైన చెట్లన్నీ పూతతో లేత పసుపుగా ఉన్నాయి. తేనెటీగల మోత. మామ దిగి మొదటి చెట్టు దగ్గరికి కుంటుకుంటూ పోయి, ఒక పూతకొమ్మను వంచి ముఖానికి ఆనించుకుని, చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. నేను ఏం చేయాలో తెలియక పక్కకు తిరిగాను. కాసేపటికి కొమ్మను వదిలి, "ఊరికే నిలబడతావేరా? ఎన్ని పూతకొచ్చినాయో లెక్కపెట్టుకోని రా, నాకు కాళ్లు రావు," అన్నాడు.

అంతకంటే గౌరవం నాకు ఎవరిస్తారు? కాగితం, పెన్సిలు తీసుకుని ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, రాళ్లెక్కి దిగి, ముళ్లు గీరుకుని, గంటసేపు లెక్కపెట్టాను. చెమట తుడుచుకుంటూ వచ్చి చెప్పాను. "నూట యాభై నాలుగు మామా."

మామ జీపు ముక్కుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "నూట యాభై నాలుగా?" అని, గుట్ట అవతలి వాలు వైపు చూసి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "ఒరే, నేను పెట్టిందే నూట ముప్పై. ఆ కంచె అవతలవి ఆరేడేండ్ల కింద పక్కూరోళ్లు నాటుకున్నవి. అవి కూడా నాకే రాసిచ్చేస్తివా?"

ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. మొన్న పాత ఫైళ్లు సర్దుతుంటే బయటపడింది. 154 అని గుండ్రటి అంకెలతో, ఒత్తి రాసి, కింద రెండు గీతలు గీసి, సరి అని పెట్టి ఉంది. ఆ తర్వాత కొట్టేసి, అంతే గుండ్రంగా, అంతే నమ్మకంగా పక్కన ఇంకో అంకె వేసి, దానికీ సరి అని పెట్టాడు ఆ ఇరవై ఆరేండ్ల మనిషి. మా ఆవిడ ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆ అంకె కూడా తప్పేనేమో, ఒకసారి గుట్ట ఎక్కి చూసొస్తే బాగుంటుందని అనిపించింది.